కింద ఒక చెయ్యి

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, వార్డులో కిటికీ పక్క మంచం మీద కూర్చున్న మామ్మగారి చేతిలో గ్రిప్ మీటరు పెట్టాను. తుంటి ఎముక విరిగి ఆపరేషనై ఆరో రోజు. నడిపించే ముందు ఆ చేతులు వాకర్‌ని పట్టుకోగలవో లేదో చూడాలి. భుజం ఒంటికి ఆనించి, మోచెయ్యి 90 డిగ్రీలకి మడిపించి, "నొక్కండి మామ్మగారూ, గట్టిగా, ఇంకా, ఇంకా" అన్నాను. మూడుసార్లు నొక్కింది. ఎర్రసూది 9 దగ్గర ఆగింది.

"ఎంతొచ్చిందమ్మా?"

"తొమ్మిది కిలోలు."

ఆవిడ సూది వంకే చూస్తూ చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "ఆ రోజు ఎంతుండేదంటావు?" అని అడిగింది.

ఏ రోజని నేను అడగలేదు. కేసు షీటులో ఊరు కోడూరు దగ్గరని రాసి ఉంది. దివిసీమలో పుట్టి డెబ్భై దాటినవాళ్ళు "ఆ రోజు" అంటే ఒకటే రోజు. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మీదుగా ఊళ్ళలోకి వచ్చిన రోజు. సుమారు 10,000 మంది పోయారు. ఆ ఉప్పెనలో ఆవిడ ఒక చేత్తో తాటిచెట్టుని, ఇంకో చేత్తో రెండేళ్ళ కూతుర్ని పట్టుకుంది. తెల్లారేసరికి చెట్టు ఉంది. పిల్ల లేదు.

ఆ తర్వాత నలభై అయిదేళ్ళు ఆ చేతులతోనే నాట్లు వేసింది, కలుపు తీసింది, వెనక పుట్టిన ఇద్దరు పిల్లలకి ముద్దలు కలిపి పెట్టింది. ఆవిడ మనసులో ఉన్న మాట మర్నాడు గానీ బయటికి రాలేదు. "చెట్టుని పట్టుకున్న చెయ్యి జారలేదమ్మా. పిల్లని పట్టుకున్న చెయ్యే జారింది." అంటే, నా ప్రాణాన్ని గట్టిగా పట్టుకున్నాను, పిల్లని వదులుగా పట్టుకున్నాను అని. ఈ నేరం ఆవిడ మీద ఎవరూ మోపలేదు. తనే మోపుకుని, తనే మోస్తోంది.

ముప్ఫై ఏళ్ళుగా విజయవాడ ఆస్పత్రుల్లో ఫిజియోథెరపిస్టుగా చేతులు కొలుస్తున్నాను. ఆ ప్రశ్న కండ గురించి కాదని నాకు అప్పుడే తెలిసింది. మనిషి తను పట్టుకోవడం వల్ల నిలుస్తాడా, ఇంకొకరు పట్టుకోవడం వల్ల నిలుస్తాడా? పట్టు జారితే ఆ తప్పు ఎవరిది? ఇవి మా తాతయ్య అరుగు మీద చిన్నప్పుడు విన్న ప్రశ్నలు. అరుగు మీద అవి వాదం. ఆ మంచం మీద అవి గాయం.

ముందు ఈ మీటరు గురించి చెప్పాలి. చూడటానికి సైకిల్ బ్రేకు పిడిలా ఉండే లోహపు పనిముట్టు, పైన గడియారంలాంటి ముఖం. పిడిని అయిదు దూరాల్లో అమర్చుకోవచ్చు, మామూలుగా రెండోదాంట్లో పెడతాం. ఇలా పిడి జరుపుకోగలిగే మీటరుతో పట్టు కొలిచే తీరుని బెక్టాల్ అనే అమెరికా ఎముకల సర్జను 1954లో వివరించాడు. ఇప్పటికీ మేం చేసేది దాదాపు అదే. లోపల నూనె ఒత్తిడి మీద నడుస్తుంది గనుక, ఎంత నొక్కినా పిడి కదిలినట్టు అనిపించదు. "నా బలమంతా పెట్టినా కదలట్లేదమ్మా" అని చాలామంది దిగులుపడతారు. కదిలేది సూది. చెయ్యి వదిలేసినా ఎర్రసూది ఎక్కినంత మేర అక్కడే నిలబడి ఉంటుంది. తర్వాతి మనిషికి ఇచ్చేముందు దాన్ని చేత్తో సున్నాకి తిప్పాలి.

ఈ చిన్న అంకె చాలా చెబుతుంది. మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు 1,40,000 మంది చేతులు కొలిచి, కొన్నేళ్ళపాటు వాళ్ళని గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పట్టు 5 కిలోలు తగ్గినకొద్దీ, ఏ కారణంతోనైనా మరణించే ప్రమాదం 16 శాతం పెరుగుతున్నట్టు కనిపించింది. ఆ విషయంలో పట్టు, బీపీ పై అంకె కన్నా బాగా ముందుచూపు ఇచ్చింది. ఆసియా దేశాల నిపుణులు 2019లో ఒక గీత గీశారు. మగవాళ్ళకి 28 కిలోలు, ఆడవాళ్ళకి 18 కిలోల కన్నా పట్టు తగ్గితే ఒంట్లో కండ కరుగుతోందేమో చూడమన్నారు. ఆపరేషన్ తర్వాత ఎవరు త్వరగా తేరుకుంటారు, ఎవరికి తిండి చాలడం లేదు, ఎవరు పడిపోయేలా ఉన్నారు, ఇవన్నీ చేతిని అడిగితే ఒళ్ళు చెబుతుంది.

అందుకే నేను బలాన్ని తక్కువ చేసి మాట్లాడను. దేహం మిథ్య, కండ మట్టిలో కలిసేదే అనడం ఆరోగ్యంగా ఉన్నవాడికి తేలిక. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పే మెకానిక్ ఒకాయన ఇరవై రోజులు ఐసీయూలో ఉండి వార్డుకొచ్చాడు. మీటరు ఇస్తే 10 దాటలేదు. జీవితమంతా స్పానరు తిప్పిన చెయ్యి మంచినీళ్ళ సీసా మూత తియ్యలేకపోయింది. ఆయన ఏడ్చింది నొప్పికి కాదు, ఆ మూతకి. "ఏ జన్మలో ఏం చేసుకున్నానో" అన్నాడు.

ఆ మాట మా వార్డులో రోజూ వినిపిస్తుంది. విన్నప్పుడల్లా నాకు కోపం, బాధ రెండూ వస్తాయి. మీటరుకి పూర్వజన్మ తెలీదు. దానికి తెలిసినవి జ్వరం, మంచం, ఆకలి. ఇరవై రోజులు పడుకుంటే ఎవరి కండైనా కరుగుతుంది. పేద దేశాల్లో జనం సగటు పట్టు తక్కువని ఆ 2015 అధ్యయనంలోనే తేలింది. ఆ దేశాలు ఎక్కువ పాపం చేశాయని ఎవరైనా అనగలరా? బలహీనత మీద కర్మ అనే ముద్ర వేస్తే దాన్ని బాగుచేసే పని ఆగిపోతుంది. ఆ మెకానిక్‌కి రోజూ గుడ్లు, పప్పు, పెరుగు పెట్టించి, మంచం మీద నుంచి లేపి నిలబెట్టి, స్పాంజి బంతి నొక్కించాం. రెండు నెలలకి 24కి వచ్చాడు. ఆ అంకె ఆయన తలరాత అయ్యుంటే పెరిగేది కాదు.

ఇక తాతయ్య అరుగు. మా అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర జిల్లా కాదు, కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు కొలువున్న ఊరు. అక్కడే స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పుకున్నాడు. ఎండాకాలం సాయంత్రాలు గుడి నుంచి వచ్చాక తాతయ్యా, ఆయన బావమరిదీ అరుగు మీద కూర్చుని వాదించుకునేవారు. ఇద్దరూ వైష్ణవులే. తాతయ్య తెంగలై, ఆయన వడగలై. నామం కింద పాదం ఉండాలా వద్దా అన్నది మాకు కనిపించే తేడా. అసలు తేడా పిల్లీ, కోతీ.

కోతిపిల్ల తల్లి పొట్టని తనే గట్టిగా కరుచుకుంటుంది. తల్లి కొమ్మ నుంచి కొమ్మకి దూకుతుంది. పట్టుకునే బాధ్యత పిల్లది. అది మర్కట కిశోర న్యాయం. పిల్లిపిల్ల ఏమీ పట్టుకోదు. తల్లే మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకుపోతుంది. అది మార్జాల కిశోర న్యాయం. జీవుడు తన వంతుగా కొంతైనా చెయ్యాలి, శరణు అనాలి, చెయ్యి చాచాలి అన్నది వేదాంత దేశికుల దారి. కాపాడే పని పూర్తిగా ఆయనదే, మన ప్రయత్నం అడ్డు రాకుంటే చాలన్నది పిళ్ళై లోకాచార్యులు, మణవాళ మామునుల దారి. 13వ శతాబ్దం నుంచి నలుగుతున్న మాట ఇది. దీని మీద గుళ్ళు విడిపోయాయి, వంశాలు పిల్లనివ్వడం మానేశాయి.

తాతయ్య ఒకసారి ముండకోపనిషత్తు తీసి, మూడో ముండకం రెండో ఖండంలో పక్కపక్కనే ఉన్న రెండు మంత్రాలు మాకు చూపించారు. ఒకటి, ఆత్మ ఎవరిని కోరుకుంటుందో వారికే దక్కుతుందంటుంది. దాని వెంటనే వచ్చేది, బలం లేనివాడికి దక్కదంటుంది. మొదటిదాన్ని శంకరులు వెతికే మనిషి వైపు నుంచి చదివారు. రామానుజులు దాన్నే వెతకబడే వాడి వైపు నుంచి చదివారు. రెండోదానిలోని బలం కండబలం కాదని, ఆత్మలో నిలకడ వల్ల వచ్చేదని భాష్యకారులు చెప్పారు. అయినా పదేళ్ళ పిల్లకి వినిపించింది బలమనే మాటే. నేను కోతిపిల్ల పక్షం చేరిపోయాను.

తాతయ్యకి పక్షవాతం వచ్చేనాటికి నేను ఫిజియోథెరపీ చదువు ముగించి ఉద్యోగంలో చేరాను. కుడిచెయ్యి పడిపోయింది. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాను. పొద్దున వంద, సాయంత్రం వంద. ఒక్కరోజు మానలేదు.

"పిల్లిపిల్లకి ఇంత కష్టం దేనికి తాతయ్యా?" అని అడిగాను, నిజంగా తెలుసుకోవాలనే.

"మోసే తల్లికి బరువు తగ్గించొద్దుటే?" అన్నారు.

ఆ మాట నాకు అర్థం కావడానికి పాతికేళ్ళు పట్టింది. అర్థం చేయించింది శాస్త్రాలు కాదు, వార్డు.

మొదట కోతిపిల్ల సంగతి. పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే గుప్పిట బిగుసుకుంటుంది. ఆ పట్టు ఎంత గట్టిదో తల్లులందరికీ తెలుసు. కానీ బిడ్డ పట్టుకోవాలనుకుని పట్టుకోదు. అనుకునే మెదడు ఇంకా తయారు కాలేదు. అది కడుపులో ఉండగానే వచ్చిన ప్రతిచర్య, అయిదారు నెలలకి దానంతటదే మాయమవుతుంది. అది తగ్గేకొద్దీ బిడ్డ తన ఇష్టంతో పట్టుకోవడం నేర్చుకుంటుంది. తల్లి ఒంటి బొచ్చు పట్టుకుని బతికిన పూర్వీకుల నుంచి మనకి మిగిలిన ఆస్తి అదని చెబుతారు. కోతిపిల్ల పట్టు కూడా అలాంటిదే. పుట్టీ పుట్టగానే అది తల్లిని కరుచుకోవడం సాధన వల్ల కాదు, ఎవరో ఇచ్చి పంపితే. స్వయంకృషికి ఉదాహరణగా వందల ఏళ్ళు చెప్పుకున్న ఆ పట్టే ఒక వరం.

మంగళగిరి కొండమెట్ల మీద ఒకసారి చూశాను. ఒక కోతి పొట్టకి రోజుల పిల్ల అతుక్కుని ఉంది. పానకం గ్లాసు కోసం అది మెట్టు మీద నుంచి గోడ మీదికి ఎగిరింది. ఎగిరేముందు ఒక చేత్తో పిల్ల వీపుని పొట్టకి అదిమింది. క్షణం పాటే. పిల్ల తనే పట్టుకున్నాననుకుంటుంది. కింద ఆ చెయ్యి ఉంది.

ఇక పిల్లిపిల్ల. తల్లి మెడ పట్టి ఎత్తగానే అది కాళ్ళు ముడుచుకుని, అరుపు ఆపి, మెత్తగా అయిపోతుంది. చుంచుపిల్లలూ అంతే, ఎత్తుకుని నడిస్తే పసిబిడ్డలూ అంతే. గుండె కొట్టుకునే వేగం కూడా తగ్గుతుందని 2013లో జపాన్ శాస్త్రజ్ఞులు కొలిచి చూపించారు. గింజుకునే పిల్లని మోయడం తల్లికి కష్టం. కాబట్టి నిశ్చలంగా ఉండటం పిల్లిపిల్ల చేసే పని. ఏమీ చెయ్యడం లేదని మనం అనుకున్న ఆ చోట పిల్ల తన వంతు పూర్తిగా చేస్తోంది. తాతయ్య బంతి నొక్కింది అందుకే. తల్లికి బరువు తగ్గించడానికి.

కోతిపిల్ల పట్టులో అనుగ్రహం దాగి ఉంది. పిల్లిపిల్ల మెత్తదనంలో ప్రయత్నం దాగి ఉంది. రెండు న్యాయాల్నీ రెండు పక్షాలుగా చేసి వాదించుకున్నవాళ్ళు ఒక్కసారి పిల్లల్ని దగ్గరగా చూసి ఉంటే, రెండింటిలోనూ ఉన్నది ఒకటే తల్లీ బిడ్డా అని ఒప్పుకునేవారని నా నమ్మకం.

వార్డు నేర్పిన రెండో సంగతి వదలడం గురించి. హైవే మీద బండి పడిపోయి తలకి దెబ్బ తగిలిన కుర్రాడొకడు స్పృహ లేకుండా ఉండేవాడు. తల్లి రోజంతా పక్కనే. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది. "వేలు పట్టుకున్నాడమ్మా! గట్టిగా పట్టుకున్నాడు!" నేనూ వేలు పెట్టి చూశాను. నిజమే, గుప్పిట బిగిసింది. కానీ మెదడు ముందుభాగం దెబ్బతింటే ఆ పసినాటి పట్టు తిరిగి వస్తుంది. అది స్పృహకి గుర్తు కాదు. అందుకే స్పృహని చూసే డాక్టరు "పట్టుకో" అని ఊరుకోడు. "పట్టుకో, ఇప్పుడు వదులు" అంటాడు. పట్టు దానంతటదే రావచ్చు. మాట విని వదలాలంటే లోపల మనిషి ఉండాలి.

నాలుగు రోజుల తర్వాత, "బాబూ, నా వేలు వదులు నాన్నా" అన్నాను. ఆ వేళ్ళు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. నేను ఆ తల్లిని కావలించుకుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. కొడుకు పట్టుకున్నప్పుడు సంతోషించింది, వదిలితే ఈవిడ ఏడుస్తోందేమిటని చూసింది.

మన భాషకి ఇది ముందే తెలుసు. పట్టూ విడుపూ ఉండాలంటాం, ఆ రెండు మాటల్నీ జంటగానే వాడతాం. పిడికిలి బిగిశాక విడవలేకపోవడం కూడా ఒక రోగమే. కొందరికి కరచాలనం చేశాక వేళ్ళు చప్పున తెరుచుకోవు, కండరం సడలడానికి టైము పడుతుంది. మన మఠాలూ ఆశ్రమాలూ త్యాగం గురించి చెప్పేటప్పుడు ఒకటి మరిచిపోతాయనిపిస్తుంది. వదలడానికి ముందు పట్టగలిగే చెయ్యి ఉండాలి. ఆకలితో కండ కరిగిపోయినవాడికి వైరాగ్యం బోధించకూడదు. వాడి చేతిలోంచి జారిపోయినవి వాడు వదిలినవి కావు.

గజేంద్రుడి కథ ఇక్కడ గుర్తొస్తుంది. మొసలితో ఏళ్ళ తరబడి పెనుగులాడి, బలమంతా పోయాక శరణన్నాడని అందరం చెప్పుకుంటాం. సంస్కృత భాగవతంలో ఇంకో చిన్న సంగతి ఉంది. స్వామి ఆకాశంలో కనిపించినప్పుడు ఆ ఏనుగు బాధతోనే తొండం పైకెత్తుతుంది. ఆ తొండంలో ఒక తామరపువ్వు ఉంటుంది. మొసలి నోట్లోంచి కాలు లాక్కోలేని ప్రాణికి పువ్వు పట్టుకునేంత పట్టు మిగిలింది. వార్డులో నేను చూసే పట్టు చాలావరకు అంతదే. 9 కిలోలు, 7 కిలోలు. నిపుణులు గీసిన గీత కింద ఉండే పట్టు. పువ్వుకి అది చాలు.

నా వార్డులో అన్ని దేవుళ్ళ పేర్లూ వినిపిస్తాయి. గుణదల మాత జపమాల మణికట్టుకి చుట్టుకున్నవాళ్ళుంటారు, తస్బీ తిప్పుతూ కళ్ళు మూసుకున్నవాళ్ళుంటారు, దుర్గమ్మ కుంకుమ పొట్లం దిండు కింద దాచుకున్నవాళ్ళుంటారు. అల్లా తాడుని అందరూ కలిసి గట్టిగా పట్టుకోమని ఖురాను చెబుతుంది. ఏసు ఆఖరి క్షణంలో తన ఆత్మని తండ్రి చేతుల్లో పెట్టాడని లూకా సువార్త చెబుతుంది. ఒకచోట పట్టుకోవడం, ఒకచోట అప్పగించడం. తాడు పట్టుకోవాలంటే రెండో కొస ఎవరో పట్టుకుని ఉండాలి. అప్పగించాలంటే అందుకునే చెయ్యి ఉండాలి. ఏ మతమైనా ఈ రెంటిలో ఒకదాన్నే ఉంచుకుని రెండోదాన్ని తీసేస్తే, మిగిలేది అహంకారమో, బద్ధకమో అవుతుంది.

మామ్మగారి దగ్గరికి తిరిగి వస్తాను. "చెట్టుని పట్టుకున్న చెయ్యి జారలేదు" అన్న మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు ఆవిడ మంచం పక్కన కూర్చుని, నాకు తెలిసిన కండ సంగతి చెప్పాను. పిడికిలి బిగించినప్పుడు ముంజేతి కండలోని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం ఆడదు, కండకి తిండి అందదు. పూర్తి బలంతో పట్టిన పట్టు కొన్ని సెకన్లలోనే దిగడం మొదలవుతుంది. సగం బలంతో పట్టినా ఎక్కువమందికి ఒక నిమిషం, ఇంకాస్త. ఇది పహిల్వాన్‌కీ అంతే, తల్లికీ అంతే. చలిలో, ఉప్పునీళ్ళలో, తడి చేతుల్తో ఇంకా తక్కువ. "ఆ రోజు మీ పట్టు ఇరవై అయిదు కిలోలున్నా, ముప్ఫై ఉన్నా, రాత్రంతా ఏ చెయ్యీ నిలవదు మామ్మగారూ. మీ రెండో చెయ్యి కూడా నిలవకూడదు."

ఆవిడ నమ్మలేదు. "మరి చెట్టు?"

"పొద్దున మిమ్మల్ని చెట్టు మీద నుంచి ఎలా దించారు?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి అంది. "చీర కోసి దించారు. మట్టలకి చుట్టుకుపోయింది చీర. కొడవలితో కోశారు."

ఇద్దరం మాట్లాడలేదు. నలభై అయిదేళ్ళుగా ఆవిడ ఆ కొడవలిని గుర్తుపెట్టుకుంది. దాని అర్థం మాత్రం అప్పుడు తెలిసింది. చెట్టుని పట్టుకున్న చెయ్యి కూడా జారింది. ఆవిడని నిలిపింది పట్టు కాదు, కట్టు. తాటిమట్ట రంపపు అంచుకి చిక్కుకున్న ఒక నేత చీర.

"ఇంకోటి," అన్నాను. "వదలడం అంటే మనసు చెబితే వేళ్ళు తెరుచుకోవడం. రోజూ నేను చూసేది అదే. మీ వేళ్ళు తెరుచుకోలేదు. అలసిపోయి జారాయి. చెయ్యి జారింది గానీ మీరు వదల్లేదు."

ఇక్కడ నేను ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ చీర దేవుడి చెయ్యి అని ఆవిడతో అనలేదు. అనబోయి ఆగాను. చీర దేవుడి చెయ్యి అయితే, రెండేళ్ళ పిల్లకి ఆ చెయ్యి ఎందుకు అందలేదని ఆ తల్లి అడుగుతుంది. అడగాలి కూడా. పిల్లి తన పిల్లల్లో ఒకదాన్ని నోట కరుచుకుని రెండోదాన్ని నీళ్ళలో ఎందుకు వదిలేసిందో ఏ న్యాయమూ చెప్పదు. అనుగ్రహం గురించి మాట్లాడేవాళ్ళం ఈ చోట ఆగి తల వంచుకోవాలి. పదివేల మంది చచ్చిపోయిన రాత్రి బతికి బయటపడ్డ నలుగురిని చూపించి దయకి రుజువుగా నిలబెట్టడం, పోయినవాళ్ళకి చేసే అవమానం. నాకు తెలిసింది అంతకంటే చిన్నది. ఎందుకు జారిందన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నేరం ఎవరిదన్న ప్రశ్నకి ఉంది. ఆవిడది కాదు.

మతం మనిషికి చెయ్యగలిగిన మేలు ఇదేనని ఇప్పుడనుకుంటాను. లోకంలో జరిగే ప్రతిదానికీ కారణం చెప్పడం దాని వల్ల కాదు. మోయనక్కర్లేని బరువు ఏదో చూపించి, మోయాల్సిన బరువు కింద తనూ ఒక చెయ్యి వెయ్యగలదు.

చెయ్యి అంటే గుర్తొచ్చింది. మీటరు వాడే పద్ధతిలో ఒక నియమం ఉంది. అది బరువైనది, రోగి చేతిని కిందికి లాగుతుంది. అందుకని కొలిచే మనిషి తన అరచెయ్యి మీటరు అడుగున ఉంచి దాని బరువు మాత్రం మొయ్యాలి. పైకి నెట్టకూడదు, రోగి పట్టులో కలగజేసుకోకూడదు. ఊరికే కింద ఉండాలి. ముప్ఫై ఏళ్ళుగా నేను తీసుకున్న ప్రతి అంకె కింద నా చెయ్యి ఉంది. సూది దాన్ని చూపించదు. కేసు షీటులో కుడిచేతికి ఒక గడి, ఎడమచేతికి ఒక గడి ఉంటాయి. మూడో చేతికి గడి లేదు. అది లేకుండా ఆ రెండు అంకెలూ సరిగ్గా రావు. పట్టు మనదే, మోసంలేని అంకె. దాని కింద ఉన్న చెయ్యి కూడా నిజమే. తాతయ్యా, ఆయన బావమరిదీ ఇప్పుడు ఉండి ఉంటే ఈ మీటరు అరుగు మీద పెట్టి చూపించేదాన్ని.

మామ్మగారు ఇంటికి వెళ్ళే రోజు మళ్ళీ కొలిచాను. 11 వచ్చింది. వాకర్‌తో వరండా చివరి దాకా నడిచి వచ్చింది. తీసుకెళ్ళడానికి కూతురు వచ్చింది, ఉప్పెన తర్వాత పుట్టిన కూతురు. వెంట ఎనిమిదేళ్ళ మనవరాలు. ఆ పిల్ల మీటరు చూసి తనూ నొక్కుతానంది. సూది సున్నాకి తిప్పి చేతికిచ్చాను. బరువుకి మణికట్టు వంగిపోయింది. నేను చెయ్యి పెట్టేలోపే మామ్మగారు మంచం మీద ముందుకి జరిగి, వణికే అరచేతిని మీటరు కిందికి తెచ్చింది. పది రోజులుగా నేను చేసింది చూసి నేర్చుకుంది.

"నొక్కవే. కింద నేనున్నాగా," అంది.